249 గ్రాముల డ్రోన్‌తో పెళ్లి షూట్ చేయాలంటే పర్మిషన్ కావాలా వద్దా? తెలిసినవాళ్లు సరిగ్గా చెప్పండి

ఓరుగల్లు_ఫ్రేమ్స్:

అందరికీ నమస్తే. మాది వరంగల్ దగ్గర, పెళ్లిళ్లకి ఫోటోలు వీడియోలు తీస్తుంటా, ఆరేళ్లైంది. మొన్న దసరాకి ఒక చిన్న డ్రోన్ తీసుకున్న, సెకండ్ హ్యాండ్ డీజేఐ మినీ, డబ్బా మీద 249 గ్రాములు అని ఉంది. ఇన్ని రోజులు మా ఊరి చెరువు మీద, పొలాల మీద ఎగరేసి చెయ్యి కుదుర్చుకున్న. ఇప్పుడు వచ్చే నెల శంషాబాద్ వైపు ఒక ఫంక్షన్ హాల్‌లో పెళ్లి ఒప్పుకున్న, వాళ్లు బరాత్ మొత్తం పైనుంచే కావాలె అని గట్టిగ అడుగుతున్నరు, అడ్వాన్స్ కూడ ఇచ్చిండ్రు.

నా డౌట్ ఏందంటే, ఒకాయన 250 గ్రాముల లోపు ఉంటే ఏ రూలూ లేదు ధైర్యంగ ఎగరేయ్ అంటడు, ఇంకొకాయన పైసలు తీసుకొని షూట్ చేస్తే అది కమర్షియల్ అయితది, లైసెన్స్ లేకుంటే లక్ష ఫైన్ అంటడు. ఎవరిది నమ్మాలె? పోయిన నెల ఒక జాతరల ఎగరేస్తుంటే పోలీసులు వచ్చి డ్రోన్ తీసుకున్నరు, సాయంత్రం దాకా స్టేషన్‌ల కూసున్న, కాయితాలు ఏమున్నయ్ అంటే నా దగ్గర కొన్న బిల్లు కూడ లేకుండె, ఆఖరికి ఇంకోసారి ఎగరేయ అని రాసిచ్చి తెచ్చుకున్న. ఆ రోజు నుంచి డ్రోన్ బ్యాగు ముట్టుకుంటనే గుండె దడదడ అంటుంది.

ఇంకో రెండు విషయాలు. మా బావ దుబాయ్ నుంచి వస్తుండు, పెద్ద డ్రోన్ ఒకటి తెస్త అంటుండు, తెప్పించుకోవచ్చా? మా బామ్మర్ది ఏమో పొలాలకు మందు కొట్టే డ్రోన్ కిరాయికి నడుపుదామని చూస్తుండు, దానికి ఏమేం కావాలె? తెలిసిన అన్నలు కొంచెం వివరంగ చెప్పండి.


మిరపచేను_పైలట్:

తమ్ముడూ, మాది పల్నాడు. మూడు సీజన్ల నుంచి మిరపకి, పత్తికి డ్రోన్‌తో మందు కొడుతున్నా, సర్టిఫికెట్ ఉంది. ఒక్కోటి చెప్తా, కాస్త ఓపిగ్గా చదువు.

ముందు బరువు సంగతి. మనకి నడుస్తున్నది డ్రోన్ రూల్స్ 2021, ఆ ఏడాది ఆగస్టు 25న వచ్చాయి. అందులో 250 గ్రాములు, అంతకంటే తక్కువ అయితే నానో. అది దాటి 2 కిలోల దాకా మైక్రో. 2 నుంచి 25 కిలోలు స్మాల్, 150 దాకా మీడియం, ఆపైన లార్జ్. నానోకి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, డబ్బులు తీసుకుని నడిపినా అక్కర్లేదు. మైక్రోకి మాత్రం సరదాకి ఎగరేసుకుంటే వద్దు, పనికి వాడితే కావాలి. లైసెన్స్ కావాలని నీకు చెప్పినాయన ఈ రెండూ కలిపేసి చెప్పాడు. లక్ష ఫైన్ అన్నది నిజమే, రూల్ తప్పితే గరిష్ఠంగా అంతదాకా వేయొచ్చు.

అయితే 249 అన్నది డబ్బా మీద రాసింది చూసి నమ్మకు. బరువంటే గాల్లోకి లేచేటప్పుడు దాని మీద ఏమేం ఉన్నాయో అన్నీ కలిపి. మినీ 3 ప్రోకి ఎక్కువసేపు ఎగురుతుందని ప్లస్ బ్యాటరీ వేస్తారు చూడు, అది పెట్టగానే సుమారు 290 గ్రాములు అవుతుంది, అంటే మైక్రోలోకి వెళ్లిపోయావు, నువ్వు చేసేది కిరాయి పని కాబట్టి సర్టిఫికెట్ కావాలి, యూఐఎన్, అంటే డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబర్ కావాలి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా కావాలి. రెక్కలకి గార్డులు తగిలించినా, లెన్స్ మీద ఫిల్టర్ పెట్టినా, రాత్రి కనపడాలని స్టిక్కర్ లైటు అంటించినా అంతే, ఆ ఒక్క గ్రామే కదా మిగిలింది. ఇంట్లో వంటింటి కాటా ఉంటే అన్నీ తగిలించి పెట్టి తూచు, నంబర్‌ని ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకో, ఎవరైనా అడిగితే చూపించొచ్చు.

రెండోది జోన్. ఇది నానోకి కూడా వర్తిస్తుంది, చాలామందికి తెలీనిది ఇదే. డిజిటల్ స్కై అని మ్యాప్ ఉంది, 2021 సెప్టెంబర్‌లో పెట్టారు, ఫోన్‌లోనే ఓపెన్ అవుతుంది. ఆకుపచ్చ రంగులో ఉంటే 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా పర్మిషన్ అడగక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 లోపు ఉంటే 200 అడుగుల దాకానే. పసుపు అయితే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్ల పర్మిషన్, ఎరుపు అయితే కేంద్ర ప్రభుత్వం పర్మిషన్. నువ్వేమో శంషాబాద్ అంటున్నావు. ఆ హాలు ఎయిర్‌పోర్ట్‌కి ఎంత దూరమో చూశావా? నాకైతే ఈ పెళ్లి దగ్గరే భయంగా ఉంది తమ్ముడూ, అడ్వాన్స్ సంగతి తర్వాత, ముందు మ్యాప్ తీసి చూడు.

దుబాయ్ డ్రోన్ వద్దు. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. పూర్తిగా తయారైనది తేకూడదు, విడదీసిన సెట్టుగా కూడా తేకూడదు. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకి మాత్రం వేరే ఉంది. విడి భాగాలకి ఆ నిషేధం లేదు. మీ బావ బ్యాగులో పెట్టుకుని వస్తే కస్టమ్స్ వాళ్లు తీసుకుంటారు, ఆయన డబ్బూ పోయి ఆయనకి తలనొప్పి. పైగా ఆ పెద్ద డ్రోన్‌తో కిరాయి పనికి వెళ్లాలంటే టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌ని పరీక్షించి ఒప్పుకున్నట్టు ఇచ్చే కాయితం) ఉన్న మోడల్ అయి ఉండాలి, అది లేకుండా యూఐఎన్ రాదు, తెచ్చుకున్నా అటక మీద పెట్టుకోవడమే.

మందు డ్రోన్ గురించి రాత్రికి రాస్తా, ఇప్పుడు చేలో ఉన్నా.


ఎఫ్‌పీవీ_గాలి:

నేను హాబీ వాడిని, సొంతంగా అసెంబుల్ చేసుకుని ఎగరేస్తా, ఐదంగుళాల రెక్కలది, బ్యాటరీతో 680 గ్రాములు ఉంటుంది, అంటే మైక్రో. పైన చెప్పినట్టు సరదాకే కాబట్టి నాకు సర్టిఫికెట్ అవసరం లేదు. రూల్స్‌లో మోడల్ ఆర్‌పీఏఎస్ అని ఒక మాట ఉంది, చదువుకో పరిశోధనకో సరదాకో కంటికి కనపడేంత దూరంలో 25 కిలోల లోపుది ఎగరేసేవాళ్లకి టైప్ సర్టిఫికెట్ మినహాయింపు, మాలాంటివాళ్లం బతుకుతున్నది దాని మీదే. కానీ కంటికి కనపడేంత దూరం అన్నది సీరియస్‌గా తీసుకోవాలి, డ్రోన్ కెమెరా వీడియో చూపించే గాగుల్స్ పెట్టుకుంటే మనకి డ్రోన్ కనపడదు కదా, అందుకే నేను ఎప్పుడూ పక్కన ఒక ఫ్రెండ్‌ని నిలబెట్టుకుంటా, వాడి పని ఆకాశం చూడటమే, గద్ద వచ్చినా హెలికాప్టర్ వచ్చినా వాడు అరుస్తాడు నేను దించేస్తా. అతను రాకపోతే ఆ రోజు ఎగరేయను.

బ్రో, నువ్వు సెకండ్ హ్యాండ్ అన్నావు కాబట్టి ఒక మాట. ముందుముందు 250 దాటినది ఎవరి దగ్గరైనా కొంటే యూఐఎన్ నీ పేరు మీదికి ప్రభుత్వ డ్రోన్ పోర్టల్‌లో ట్రాన్స్‌ఫర్ చేయించుకో. లేకపోతే నీ డ్రోన్ ఎక్కడో కూలితే నోటీసు అమ్మినాయనకి పోతుంది, ఆయన చేసిన తప్పు ఏమైనా ఉంటే నీ మెడకి చుట్టుకుంటుంది. ఇప్పుడున్న దానికి కూడా అమ్మినాయనతో ఒక కాయితం రాయించుకో, సీరియల్ నంబర్ వేయించి సంతకం పెట్టించు. స్టేషన్‌లో నువ్వు ఇరుక్కున్నది రూల్ వల్ల కంటే అది నీదే అని చూపించుకోలేకపోవడం వల్ల అనిపిస్తోంది నాకు.


బరాత్_సినిమా:

అన్నా, నాది హైదరాబాద్, పెళ్లి వీడియోలే, పదకొండేళ్లు. నువ్వు చెప్పిన ఏరియాల నేను ఎగరేయ, ఎవరు ఎంత ఇస్తమన్నా ఎగరేయ. మన సిటీ చుట్టూ చూడు, శంషాబాద్ ఒకటి, బేగంపేట ఒకటి, హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ వాళ్లయి. మ్యాప్ తెరిస్తే సిటీల ఎక్కడ నిలబడ్డా ఏదో ఒక రంగు కింద ఉంటం. నేను చేసేది ఏందంటే, బుకింగ్ కోసం ఫోన్ రాంగనే హాలు లొకేషన్ పంపమంట, మ్యాప్‌ల పెట్టి చూస్త, అప్పుడు చెప్త డ్రోన్ అయితదా కాదా అని. అగ్రిమెంట్ కాయితంల కూడ రాస్త, జోన్ కుదరకుంటే, ఆ రోజు పోలీస్ ఆర్డర్ ఏమన్న ఉంటే, గాలి వాన ఉంటే డ్రోన్ ఉండదు, దానికి బదులు జిమ్మీ జిబ్ (కెమెరా కట్టే పొడుగు క్రేన్) పెడతం అని. ఒప్పుకుంటరు అన్నా, మనం ముందు చెప్తే ఎవరూ గొడవ పెట్టుకోరు, పెళ్లి రోజు చెప్తేనే గొడవ.

పోలీస్ ఆర్డర్ అంటే ఏందంటే, మ్యాప్‌ల పచ్చగ ఉన్నా సరే అప్పటికప్పుడు ఆపే అధికారం వాళ్లకు ఉంటది. రాష్ట్ర ప్రభుత్వం గాని పోలీసులు గాని ఒక ఏరియాని టెంపరరీ రెడ్ జోన్ అని పెట్టొచ్చు, ఒకసారికి 96 గంటల దాకా, దానికి ఎస్పీ లెవెల్ కంటే తక్కువ ఆఫీసర్ సంతకం చెల్లదు. అది గాక బీఎన్ఎస్ఎస్ 163 కింద కూడ నిషేధం పెడతరు, పాత 144 సెక్షన్ అన్నట్టు, ఆగస్టు 15, జనవరి 26, రాష్ట్రపతి వచ్చినప్పుడు, పెద్ద సభలప్పుడు. జాతరల నీ డ్రోన్ తీసుకున్నది గందుకే అయి ఉండొచ్చు. వాళ్ల భయం కూడ అర్థం చేసుకోవాలె, 2021 జూన్ 27న జమ్మూ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీద డ్రోన్లతోని బాంబులేసిండ్రు, అది అయినంక రెండు నెలలకే ఈ రూల్స్ వచ్చినయ్. గుంపు మీద ఏదో ఎగురుతుంటే కింద ఉన్న కానిస్టేబుల్‌కి అది పెళ్లిదో వేరేదో ఎట్ల తెలుస్తది? నేను పచ్చ జోన్‌ల కూడ రెండు రోజుల ముందు స్టేషన్‌కి పోయి ఒక అర్జీ ఇచ్చి, పెళ్లి కార్డు జత చేసి, డ్రోన్ ఫోటో, సీరియల్ నంబర్, నా ఆధార్ కాపీ పెట్టి, రిసీవ్డ్ ముద్ర వేయించుకొని వస్త. నానోకి ఇది పెట్టమని డ్రోన్ రూల్స్‌ల లేదు, కాని ఆ ముద్ర చూపిస్తే పెళ్లి రోజు ఎవరూ మనల్ని ఆపలే ఇప్పటిదాకా.

ఇగ ఎగరేసుడు గురించి. జనం నెత్తి మీద నడపకు, పక్కనుంచి నడుపు, 15 మీటర్లు పక్కకు జరిగి కెమెరా వంచితే బరాత్ ఇంకా మంచిగ వస్తది, ముఖాలు కనపడ్తయ్. రెండేళ్ల కింద నా కళ్ల ముందే జరిగింది, మా అసిస్టెంట్ ఇనుప ట్రస్ పందిరి పక్కనుంచి లేపిండు, కంపాస్ ఎర్రర్ వచ్చి డ్రోన్ ఒక వైపు గుంజుకుంట పోయింది, వాడు కంగారుల రిటర్న్ టు హోమ్ నొక్కిండు. అది నొక్కితే డ్రోన్ వాపస్ వచ్చే ఎత్తు 20 మీటర్లకు సెట్ అయి ఉంది, పక్కనే కొబ్బరిచెట్టు అంతకంటే ఎత్తుంది. మట్టకు తగిలి రెక్క ఇరిగి పిండివంటల టేబుల్ పక్కన పడ్డది. అక్కడ అప్పటిదాకా నలుగురు చిన్నపిల్లలు ఆడుకుంటుండె, ఒక్క నిమిషం ముందే వాళ్లమ్మ పిలిస్తే లోపలికి పోయిండ్రు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. అప్పటి నుంచి లేపే ముందు చుట్టూ తిరిగి అన్నిటికంటే ఎత్తు ఏందో చూసి దానికి ఇంకో 10 మీటర్లు కలిపి సెట్ చేస్త, ఇనుము దగ్గరనుంచి అస్సలు లేపం, దిగే డ్రోన్‌ని చేతితోని పట్టుకునుడు బంద్ చేసినం.


మిరపచేను_పైలట్:

ఇప్పుడే వచ్చా. పైన తమ్ముడు రాసింది చాలా బాగుంది, స్టేషన్‌లో అర్జీ ఇవ్వడం నేనూ చేస్తా.

మందు కొట్టే డ్రోన్ సంగతి. పదిలీటర్ల ట్యాంకు డ్రోన్ నింపితే 25 కిలోల లోపు ఉండేవి ఉన్నాయి, అది స్మాల్ క్లాసు. దీనికి అన్నీ కావాలి. టైప్ సర్టిఫికెట్ ఉన్న మోడల్ కొనాలి, యూఐఎన్ తీసుకోవాలి, ఫీజు 100 రూపాయలే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చేయించాలి. మీ బామ్మర్దికి సర్టిఫికెట్ కావాలి, దానికి 18 ఏళ్లు నిండి 65 దాటకూడదు, పదో తరగతి పాసై ఉండాలి, డీజీసీఏ (విమానయానం చూసే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉన్న ట్రైనింగ్ సంస్థలో నేర్చుకోవాలి. నాకు ఆరు రోజులు పట్టింది, రెండు రోజులు క్లాసులు, తర్వాత సిమ్యులేటర్, ఆ తర్వాత పొలంలో. ఒకసారి వస్తే పదేళ్లు ఉంటుంది. మొదట్లో పాస్‌పోర్ట్ అడిగేవాళ్లు, ఊళ్లో మాబోటివాళ్లకి అదెక్కడిది, 2023 సెప్టెంబర్‌లో ఆ నిబంధన తీసేశారు, ఓటర్ కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి చాలు. మీ చెల్లెలో అక్కో పొదుపు సంఘంలో ఉంటే నమో డ్రోన్ దీదీ గురించి వెలుగు ఆఫీసులో, మీ వైపు అయితే ఐకేపీ వాళ్ల దగ్గర అడగండి, సంఘాలకి 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సాయం అని ఆ పథకంలో ఉంది.

ట్రైనింగ్ సంస్థ పేరు చూసి డబ్బులు కట్టొద్దని చెప్పు, డీజీసీఏ లిస్టులో ఉందో లేదో చూసి కట్టమను. మా ఊరి కుర్రాడు ఒకడు ఎక్కడో నలభై వేలు కట్టి రంగుల సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు, పోర్టల్‌లో చూస్తే వాడి పేరే లేదు. వాళ్ల నాన్న ఆ డబ్బు వడ్డీకి తెచ్చాడు. ఆ పిల్లాడి మొహం నేను మర్చిపోలేను.

కాయితాలు అయ్యాక కూడా అసలు పని చేలోనే. మాకు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే, గాలి లేవకముందే. ముందు గట్టు మీద నడిచి నాలుగు మూలలా చూస్తా, 11 కేవీ తీగలు ఎక్కడున్నాయి, బోరు దగ్గర స్టే వైరు ఉందా, అది స్క్రీన్‌లో కనపడదు, కంటికి కూడా ఎండ ఎదురుగా ఉంటే కనపడదు. ఒక గుడ్డ పీలిక కర్రకి కట్టి పాతుతా, అది ఎటు ఊగుతుందో చూసి, గాలి వచ్చే వైపుకి నేను నిలబడి, మందు నా మీదకి రాకుండా, పక్కవాళ్ల చేను మీదకి పోకుండా చూసుకుని మొదలెడతా. పోయినేడు పక్క పొలం మల్బరీ అని నాకు రైతు చెప్పలేదు, రెండు సాళ్లు కొట్టాక అవతల షెడ్డులోంచి ఒకామె పరిగెత్తుకొచ్చింది, పట్టుపురుగులు ఉన్నాయి బాబూ అని. అక్కడే దించేశా. గాలి అటు లేదు కాబట్టి బతికిపోయాం, లేకపోతే ఆమె నెల కష్టం పోయేది. 2021 డిసెంబర్‌లో కేంద్రం డ్రోన్‌తో మందు కొట్టడానికి పద్ధతులు రాసి ఇచ్చింది, అది తెలుగులో ప్రింట్ తీసి డ్రోన్ పెట్టెలో పెట్టుకోమని చెప్తున్నా అందరికీ. ఇప్పుడు నేను మందు కలిపే ముందే చుట్టుపక్కల నాలుగు చేలవాళ్లకి ఫోన్ చేస్తా.


సర్వే_రాయి:

ల్యాండ్ సర్వే, మ్యాపింగ్ చేసేవాడిని, రెండు ముక్కలు కలుపుతా. ఒకటి, ఏదైనా యాక్సిడెంట్ అయితే 48 గంటల్లోపు పోర్టల్‌లో రిపోర్ట్ చేయాలి, దాచిపెడితే ఇన్సూరెన్స్ వాడు కూడా మొహం చాటేస్తాడు. రెండు, గాలి మనదైనా నేల మనది కాదు. మ్యాప్ పచ్చగా చూపించినా కింద ఉన్న స్థలం ఎవరిదో వాళ్లని అడగాలి. తిరుమల కొండ మీద ఎగరేయనివ్వరు, పురావస్తు శాఖ వాళ్ల కట్టడాల దగ్గర వాళ్ల పర్మిషన్ కావాలి, మీ వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి అలాంటివే. విశాఖలో నేవీ వాళ్ల స్థావరాల దగ్గర ఎగరేస్తే నేరుగా కేసే. ఇళ్ల మీద నుంచి పోతే డాబా మీద బట్టలు ఆరేసుకునే వాళ్లు ఉంటారు, రికార్డింగ్ ఆపేసి దాటండి, వాళ్లు అడిగితే దించి చూపించండి. 2025 సెప్టెంబర్‌లో కొత్త డ్రోన్ బిల్లు డ్రాఫ్ట్ కూడా అభిప్రాయాల కోసం బయటపెట్టారు, అందులో జైలు శిక్షలు కూడా ఉన్నాయి, కాబట్టి ప్రతి సీజన్ మొదట్లో డీజీసీఏ సైట్ ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి.


ఓరుగల్లు_ఫ్రేమ్స్:

అందరికీ చేతులెత్తి దండం. పొద్దున్నే మ్యాప్ తీసి చూసిన, ఆ హాలు ఎయిర్‌పోర్ట్ గోడకి మూడు కిలోమీటర్లు కూడ లేదు, మొత్తం ఎరుపే. అడ్వాన్స్ తీసుకున్నప్పుడు ఇది చూడకపోవుడు నా తప్పే, ఆ పెళ్లి పెద్దమనిషికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన కొంచెం సేపు ఏం మాట్లాడలే, తర్వాత, మా ఊర్ల పెండ్లికొడుకుని చేసేటప్పుడు డ్రోన్ తియ్యి, హాలు దగ్గర జిబ్ పెట్టు అన్నడు. వాళ్ల ఊరు జనగామ దగ్గర, మ్యాప్‌ల చూస్తే పచ్చ. రేపు అక్కడి స్టేషన్‌ల అర్జీ ఇచ్చి వస్త. డ్రోన్ తూచిన, మామూలు బ్యాటరీతోని 248 వచ్చింది, గార్డులు పెడితే దాటుతుంది, తీసి పక్కన పెట్టిన. బావకు వద్దని చెప్పిన, ఆయన అప్పటికే సగం పైసలు కట్టిండట, రిటర్న్ పెడుతుండు.

బరాత్_సినిమా అన్నా, పెండ్లికొడుకుని చేసేది వాళ్ల వాకిట్లనే, ముందర పెద్ద చింతచెట్టు ఉంది, పందిరికి ఇనుప పైపులు వేస్తరట. ఎక్కడనుంచి లేపమంటవ్?


బరాత్_సినిమా:

పందిరికి కనీసం 10 మీటర్లు దూరం పో, పక్కింటోళ్లది మట్టి నేల ఉంటే అడుగు, ఒక చాప పరిచి దాని మీద నుంచి లేపు, దుమ్ము మోటర్ల పోదు. చింతచెట్టు ఎంత ఎత్తుందో ముందురోజు పోయి చూసుకో, దానికంటే పైకి హోమ్ ఎత్తు పెట్టు. బ్యాటరీ 30 శాతం ఉన్నప్పుడే దించు. పిల్లలు ఉరికొస్తరు చూడు, వాళ్లను ఆపనీకె ఒక మనిషిని పెట్టుకో.